బిడ్డ యొకటి, పద్దులు రెండు

బడ్జెటు అను మాట కనబడగానే మనలో ననేకులు పుట త్రిప్పివేయుదురు. అది పురుషులు చావడిలో కూర్చుండి చర్చించుకొనవలసిన విషయమని మన తలంపు. కాని విచారించి చూచినచో బడ్జెటు గృహిణికి తెలిసినట్లు మఱియెవ్వరికిని తెలియదు. ఈ నెల చేతికి వచ్చిన రొక్కమెంత, తప్పనిసరి వ్యయము లెవ్వి, వాయిదా వేయదగిన వెవ్వి, ఎవరి అక్కఱను ఆపినచో ఇంటిలో రచ్చ కాకుండును అని ఆమె నెలకొకమాఱు లెక్క చూచుకొనుచునే యుండును. ఇందులో కడపటి ప్రశ్నయే మిక్కిలి జాగ్రత్తగా చూడదగినది. నోరుగలవాని అక్కఱ ముందు తీరుటయు, నోరులేనివాని అక్కఱ ముందు ఆగిపోవుటయు ఇండ్లలోను కలదు, రాజ్యములలోను కలదు.

ఇందుకు దృష్టాంతముగా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు సంగతి సోదరీమణులకు మనవి చేయుదును. అది మిక్కిలి సంపన్నమైన రాష్ట్రము. మన తెలుగు కుటుంబములు అనేకము అచ్చట స్థిరపడియున్నవి. ఈ పంక్తులు చదువు తల్లులలో కొందఱి కుమార్తెలో, కోడండ్రో అచ్చట బిడ్డలను పెంచుకొనుచునే యుందురు. అట్టి సిరిగల చోటనే ఒకవంక సర్కారు బడులకును, వేఱొకవంక అంగవైకల్యముగల వారి సేవలకును ధనము పంచుటలో దశాబ్దములుగా తగవు నడుచుచున్నది. ఆ తగవునందు ఎవరు గెలిచినను, ఓడినను, దాని భారము కట్టకడపట ఎవరి భుజములమీద పడుచున్నదో తెలిసికొనుట మనకు అవసరము.

హక్కు ఏర్పడిన విధము

1960 దశకము నడుమవఱకు ఆ రాష్ట్రములో బుద్ధివికాసమునకు లోపము గల బిడ్డ పుట్టినచో తల్లిదండ్రులకు రెండే దారులు. ఏ సహాయమును లేక ఇంటిలో పెట్టుకొని సాకుకొనుట యొకటి. రాష్ట్రమువారి పెద్ద ఆసుపత్రిలో విడిచివచ్చుట రెండవది. అట్టి ఆసుపత్రులలో అప్పటికి పదుమూడువేలకు పైగా జనులుండిరి. చోటు దొరకక వాకిట కాచియున్న కుటుంబములు ఇంకను అనేకములు. తల్లిదండ్రులు సంఘములుగా కూడి, ‘మా బిడ్డలను మా ఊళ్లలోనే, మా కన్నులయెదుటనే పెంచుకొందుము, అందులకు కావలసిన తోడ్పాటు నొసంగుడు’ అని అడుగసాగిరి. 1966లో సాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలీస్ నగరములలో రెండు ప్రాంతీయ కేంద్రములను పరీక్షార్థము తెఱచిరి. 1969లో ఫ్రాంక్ లాంటర్మన్ అను శాసనసభ్యుడు ప్రవేశపెట్టిన చట్టమునకు నాటి గవర్నరు రోనాల్డ్ రీగన్ సమ్మతి నిచ్చెను. ఆ చట్టమే నేటికిని లాంటర్మన్ పేరిట పిలువబడుచున్నది.

ఆ చట్టము క్రింద నేడు ఇరువదియొక్క ప్రాంతీయ కేంద్రములున్నవి. బుద్ధివికాసలోపము, సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛరోగము, ఆటిజము మున్నగునవి పదునెనిమిదేండ్లలోపున కనబడి జీవితములో పెద్ద ఆటంకమగునట్టి వారికి, ఆజీవనాంతము తోడ్పడుట వాని విధి. ఇది దయాధర్మము కాదు, హక్కు. 1985లో ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము ఈ మాటను స్పష్టము చేసినది. డబ్బు చాలలేదని అధికారులు తమంతట తాము సేవలను తగ్గింపరాదనియు, తగ్గింపదలచినచో శాసనసభయే చట్టమును మార్చవలెననియు ఆ తీర్పు సారాంశము. అనగా, కోత కోయవలెనన్నచో చాటున గాక పదిమంది యెదుట చేయి ఎత్తి కోయవలెను. తరువాతి కథ కీ తీర్పు కీలకము.

బడిచదువు విషయముకూడ నిట్లే నడచినది. ఇట్టి పిల్లలకు తమ బడిలో చోటులేదని చెప్పుటకు పూర్వము అమెరికా దేశమున అనేక రాష్ట్రములలో అడ్డుండెడిది కాదు. 1972లో వాషింగ్టను నగరములో నొక దావా వచ్చినప్పుడు బడి అధికారులు ధనము చాలదని వాదించిరి. న్యాయాధిపతి దాని నంగీకరింపలేదు. ధనము చాలనిచో ఉన్నదానినే న్యాయముగా పంచవలెను గాని, లోటంతయు ఈ పిల్లలమీదనే రుద్దరాదని తీర్పు చెప్పెను. 1975లో దేశమంతటికిని చట్టము వచ్చినది. ప్రతి బిడ్డకును తగిన చదువును ఉచితముగా చెప్పవలెను. అందువలన గలుగు అదనపు వ్యయములో నూటికి నలువది వంతులవఱకు కేంద్రప్రభుత్వము భరించును అని ఆశ చూపిరి. సాధారణ సంవత్సరములలో ఆ నలువదింటిలో సగమైనను రాలేదు. మిగిలిన భారము రాష్ట్రములమీదను, ఊరి బడులమీదను పడినది. వడ్డించెదమని విస్తరివేసినవారు సగము వంటకములే తెచ్చినట్లయినది.

పన్నులో పడిన గండి

కాలిఫోర్నియాలో 1978కి పూర్వము ఊరి బడి ముఖ్యముగా ఊరి ఆస్తిపన్నుతో నడుచుచుండెడిది. ఆ దశకములో ఇండ్ల ధరలు విపరీతముగా పెరిగినవి. ధర పెరిగినకొలదియు పన్నును పెరిగినది. ఆదాయము పెరుగని వృద్ధులు, తమ స్వంత యింటిలో ఉండుటకే పన్ను కట్టలేని స్థితికి వచ్చిరి. వారి కష్టము నిజమైనది. 1978 జూను నెలలో ప్రజలు నేరుగా వోటువేసి పదుమూడవ ప్రతిపాదన యనుదానిని నెగ్గించిరి. ఆస్తిపన్ను విలువలో నూటికి ఒకటికి మించరాదు. ఇల్లు చేతులు మాఱువఱకు పన్నునకై కట్టు విలువ ఏటికి నూటికి రెండుకంటె పెరుగరాదు. రాష్ట్రపు పన్నులు పెంచవలెనన్నచో శాసనసభలో మూడింట రెండు వంతులవారు సమ్మతింపవలెను అని అందులోని ముఖ్య నిబంధనలు.

ఆ మార్పుతో ఆస్తిపన్ను రాబడి సగమునకు పైగా తగ్గిపోయినది. ఊరి బడులు రాష్ట్రపు బొక్కసమునకు చేయి చాచవలసి వచ్చినది. అంతకుముందు బడి గల్లా వేఱు, రాష్ట్రపు గల్లా వేఱు. ఇప్పుడు బడి, ఆసుపత్రి, చెఱసాల, అంగవైకల్యముగల వారి సేవ అన్నియు ఒకే గల్లాలో చేయి పెట్టవలసినవే. పైగా ఆ గల్లా నింపునది ముఖ్యముగా ఆదాయపు పన్ను. అందులోను అధికభాగము కొద్దిమంది ధనికులు కట్టునది. షేర్ల ధరలు పెరిగిన యేట బొక్కసము పొంగును. పడిన యేట ఎండును. బిడ్డల అక్కఱ యట్లు పొంగుటయు నెండుటయు లేదు. అది ప్రతిదినమును ఒక్క తీరుననే యుండును.

ఈ స్థితిలో బడుల పక్షమువారు తమకొక కోట కట్టుకొనిరి. 1988లో ప్రజల వోటుచే తొంబదియెనిమిదవ ప్రతిపాదన కొద్ది ఆధిక్యముతో నెగ్గినది. దానిచే రాష్ట్రపు ముఖ్యనిధిలో నూటికి నలువదింటికి దగ్గఱగా బడులకును, ప్రాంతీయ కళాశాలలకును కనీసభాగముగా చెందవలెనని రాజ్యాంగములోనే వ్రాయబడినది. దానిని తాత్కాలికముగా నిలుపవలెనన్నచో సభలో మూడింట రెండు వంతుల సమ్మతి కావలెను. అంగవైకల్యముగల వారి సేవలకు మాత్రము అట్టి కోట లేదు. వారికున్నది చట్టపు హక్కు. అది సభవారు మార్చుకొనదగినది. కఱవు వచ్చినప్పుడు ముందుగా కత్తి ఎటు తిరుగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

2009వ సంవత్సరపు కోత

ఆ కఱవు 2008లో వచ్చినది. దేశమంతట బ్యాంకులు కూలి, ఇండ్ల ధరలు పడి, రాష్ట్రపు రాబడి కుంగిపోయినది. ఆ యేటి బడ్జెటు జూలై 1వ తేదీకి సిద్ధము కావలసియుండగా సెప్టెంబరు చివరకు గాని కాలేదు. 2009 జూలైలో బొక్కసములో రొక్కము లేక, సరకు లిచ్చిన వర్తకులకును, పన్ను తిరిగి రావలసిన గృహస్థులకును డబ్బునకు బదులుగా పిమ్మట చెల్లింతుమను పత్రములు వ్రాసి యిచ్చిరి.

కోట గల బడులును ఆ దెబ్బను తప్పించుకొనలేదు. ఏటికి నూటయెనుబది దినములు నడువవలసిన బడి నూట డెబ్బదియైదు దినములు నడచినను చాలునని చట్టమును సడలించిరి. ఉపాధ్యాయులు ఉద్యోగములు కోలుపోయిరి. బడికిచ్చు కనీసభాగమును 2010లో నిలిపివేసిరి.

కోట లేనివారి సంగతి మఱింత కష్టము. సభవారు 1985 తీర్పు చెప్పినట్లే బహిరంగముగా చట్టమును మార్చి, 2009లో ప్రాంతీయ కేంద్రముల పద్దునుండి 33 కోట్ల డాలర్లకు పైగా కోసిరి. సేవచేయు సంస్థలకిచ్చు సొమ్ములో నూటికి మూడువంతులు తగ్గించిరి. మూడేండ్లలోపు శిశువులకు మాటలు, నడక ఆలస్యమైనచో తొలినాళ్లలోనే శిక్షణ నిచ్చు ఏర్పాటుండగా, ఆలస్యము మఱింత ఎక్కువగా కనబడినగాని చేర్చుకొనరాదని నిబంధనను బిగించిరి. లేతప్రాయమున ఇచ్చు శిక్షణమే ఎక్కువ ఫలించునని వైద్యులందఱు నెఱిగినదే. ఆ శిశువులకు బడ్జెటు బాగుపడువఱకు ఎదుగక ఆగియుండుట సాధ్యము కాదు. బిడ్డలకు ఆటపాటలు, వేసవి శిబిరములు ఇచ్చు ఏర్పాటును కూడ నిలిపివేసిరి.

తల్లి కిచ్చిన గంట

ఆ కోతలలో మన దృష్టికి ముఖ్యముగా తేదగినది మఱొకటి కలదు. అంగవైకల్యముగల బిడ్డ నింటిలో పెట్టుకొని సాకు తల్లికి ఊపిరి తీసికొనుటకై, ఆ బిడ్డను కొంతసేపు కనిపెట్టి చూచుకొను మనిషిని ప్రాంతీయ కేంద్రమువారు పంపుదురు. దానిని విరామసేవ యనవచ్చును. ఆ సమయములో తల్లి స్నానముచేసి రెండు ముద్దలు నిదానముగా తినవచ్చును, తక్కిన బిడ్డల చదువు చూడవచ్చును, తన జ్వరమునకు వైద్యునియొద్దకు పోవచ్చును. రాత్రి నిదుర లేని తల్లి పగలొక కునుకు తీయవచ్చును. 2009 జూలై నుండి ఈ సేవ మూడు నెలలకు తొంబది గంటలకు మించరాదని చట్టము చేసిరి. ప్రత్యేక సందర్భములలో తప్ప ఇదియే కట్టుబాటు.

మూడు నెలలకు తొంబది గంటలనగా దినమున కించుమించుగా ఒక గంట. ఇరువదినాలుగు గంటలలో తక్కిన ఇరువదిమూడు గంటలలోను బడి సమయము పోగా మిగిలినదంతయు ఇంటిలోనివారిదే. ఇంటిలోనివారనగా ఎవరో మనకు చెప్పనక్కఱలేదు. బడ్జెటు పత్రములో ఈ కోత ‘ఆదా’ యని వ్రాయబడినది. నిజమునకు ఆ పని తగ్గలేదు. ఆ బిడ్డకు అన్నము పెట్టుటయు, దుస్తులు మార్చుటయు, పడిపోకుండ పట్టుకొనుటయు ఎప్పటివలెనే జరిగినవి. జీతమిచ్చి చేయించు చేతినుండి జీతములేని చేతికి పని మాఱినది, అంతియే. ఆ గంటలకై ఎందఱో తల్లులు ఉద్యోగములు మానుకొందురు. వారు మానిన ఉద్యోగపు జీతము, వారు పోగొట్టుకొన్న ఆరోగ్యము ఏ ప్రభుత్వపు పట్టికలోను ఎక్కవు.

ఈ గంటల కట్టుబాటు 2018 జనవరి 1వ తేదీవఱకు, అనగా ఎనిమిదిన్నర యేండ్లు నిలిచినది. శిశువుల శిక్షణ నిబంధన 2015లో సడలినది. ఆటపాటలు, శిబిరములు 2021లో తిరిగివచ్చినవి. బిగించుట కొక వేసవి చాలినది. విప్పుటకు ఆఱు మొదలు పండ్రెండేండ్లు పట్టినది. 2009లో నాలుగేండ్ల బిడ్డ 2021 నాటికి పదునాఱేండ్లవాడు.

రెండు వాకిండ్ల నడుమ

ఈ తగవును బడిపిల్లల తల్లులకును, అంగవైకల్యముగల బిడ్డల తల్లులకును నడుమ పోటీగా కొందఱు చిత్రింతురు. ఒకరి కొసగినచో మఱొకరికి తక్కువ యగునందురు. కాని ఆ రెండవ బిడ్డయు బడిపిల్లయే గదా! పుట్టినది మొదలు మూడేండ్లవఱకు ఆ బిడ్డ శిక్షణ ముఖ్యముగా ప్రాంతీయ కేంద్రపు పూచీ. మూడవ పుట్టినదినము రాగానే చదువు, అందులకు కావలసిన మాటల శిక్షణ మున్నగునవి ఊరి బడి పూచీ యగును. ఇరువదిరెండేండ్లు నిండువఱకు బడి చూచుకొనవలెను; పిమ్మట మరల కేంద్రమే. పైగా కేంద్రము మఱియెవ్వరు నియ్యని సహాయమునే ఇయ్యవలెనని చట్టము. కావున కేంద్రమువారు ‘ఇది బడివారి పని’ యందురు. బడివారు ‘ఇది చదువునకు సంబంధించినది కాదు, కేంద్రమువారి నడుగు’ డందురు. బడి పద్దులో కోత పడినచో బిడ్డ కేంద్రపు వాకిటికి వచ్చును. కేంద్రపు పద్దులో కోత పడినచో బడి వాకిటికి పోవును. రెండు వాకిండ్లును మూసినచో ఇంటికి వచ్చును. బిడ్డ యొకటియే; పద్దులు రెండు. ఆ రెంటి నడుమ కాగితములు పట్టుకొని తిరుగునది తల్లి.

ఇట్లు తిరుగగలిగిన తల్లికిని, తిరుగలేని తల్లికిని భేదము కలుగుచున్నది. 2012 నుండి ఏ జాతివారికి, ఏ భాషవారికి ఎంత వ్యయమైనదో కేంద్రములు ప్రకటింపవలెనని చట్టమున్నది. ఆ లెక్కలలో తెల్లవారి కుటుంబములకు తలకు వ్యయమైన మొత్తముకంటె స్పానిషు భాష మాట్లాడు లాటినో కుటుంబములకు వ్యయమైనది తక్కువగా కనబడినది. అడుగుట తెలియక, భాష చాలక ఊరకుండువారి భాగము అట్లే మిగిలిపోవును. మన తెలుగువారిలో, బిడ్డకు మాట ఆలస్యమైనదని నలుగురికి తెలిసిన పరువు పోవునని దాచుకొను అలవాటు కొందఱిలో కలదు. అచ్చటనున్న మన ఆడుబిడ్డలకు ఈ మాట చేరవలెను: ఈ సేవకు ఆ దేశపు పౌరసత్వము అవసరము లేదు, కాలిఫోర్నియాలో నివాసముండుటయు, బిడ్డకు అవసరముండుటయు చాలును.

బొక్కసమువారి మాట

అధికారులును, సభ్యులును కఠినులనుట న్యాయము కాదు. వారి చిక్కును వారికున్నది. ఈ కేంద్రములలో పేరు వ్రాసికొన్నవారు నేడు నాలుగు లక్షలకు మించియున్నారు. ఆటిజము గుర్తింపబడిన బిడ్డల సంఖ్య ఏటేట పెరుగుచున్నది. పేరు వ్రాసికొనిన ప్రతివానికిని హక్కుండుటచే వ్యయమున కొక గిరి గీయుట దుర్లభము. పిండి కొలది రొట్టె యని వారు చెప్పునది నిజమే. కాని పిండి ఎంత తేవలెనని నిర్ణయించినదియు ఆ యింటివారే గదా. 1978లో ప్రజలే పన్నును కుదించిరి. 2012లో ప్రజలే ధనికుల ఆదాయపు పన్నును పెంచి, 2016లో దానిని 2030 వఱకు పొడిగించిరి. ఆ రాబడి వచ్చిన పిమ్మటనే కోసిన సేవలు ఒక్కటొక్కటిగా తిరిగివచ్చినవి. రాబడిని గూర్చిన నిర్ణయము ముందు జరుగును. తల్లుల నడుమ పోటీ దాని వెనుక వచ్చును.

సేవచేయువారి జీతములను గూర్చి 2019లో రాష్ట్రమువారు చేయించిన పరిశీలనలో, సంస్థల కిచ్చు ధరలు ఏటికి సుమారు 180 కోట్ల డాలర్లు తక్కువగా నున్నవని తేలినది. జీతము చాలక పనివారు మానివేసినచో కాగితముపైని హక్కు ఇంటికి రాదు. ఆ లోటును మెట్లుమెట్లుగా పూరింప దలచి, కడపటి మెట్టును 2024 జూలై నుండి ఆఱు నెలలు వెనుకకు జరిపి, 2025 జనవరిలో అమలుపఱచిరి. అంతలో 2025 జూలై 4వ తేదీన కేంద్రప్రభుత్వపు క్రొత్త చట్టము వచ్చి, బీదలకును అంగవైకల్యముగల వారికిని వైద్యసహాయ మిచ్చు మెడికెయిడ్ నిధిని రాబోవు సంవత్సరములలో బాగుగా తగ్గించినది. ప్రాంతీయ కేంద్రముల సేవలకు అందుండియే పెద్దమొత్తము వచ్చుచున్నది. ఇందులో మఱొక చిక్కు గలదు. ఆ నిధి నియమముల ప్రకారము వృద్ధుల, రోగుల శుశ్రూషాలయములకు ధన మిచ్చుట రాష్ట్రములకు విధి. ఇంటివద్ద ఇచ్చు సేవలలో అనేకము రాష్ట్రముల ఇష్టము. కొఱత వచ్చినప్పుడు విధియైనది నిలుచును, ఇష్టమైనది కోతకు గురియగును. ఏబది యేండ్లు పోరాడి బిడ్డలను ఆసుపత్రుల నుండి ఇండ్లకు తెచ్చుకొన్న తల్లులకు ఇది యెంత భయము కలిగించునో ఊహింపవచ్చును. 1891 నుండి సోనోమాలో నడచిన పెద్ద ఆలయమును 2018లో మూసివేసిరి. ఆ తలుపులు మూయుట మంచిదే. కాని ఇంటి తలుపు తట్టి సహాయపడువా రుండిననే గదా ఆ మంచి నిలుచును.

మనము నేర్వదగినది

సోదరీమణులారా! ఈ కథలో మనకు పనికివచ్చునది మూడు ప్రశ్నలు. ఏ ప్రభుత్వపు బడ్జెటు పత్రికలో వచ్చినను వానిని వేసి చూడుడు. ఒకటి, ఈ వ్యయమునకు చట్టపు బలము కలదా, లేక ఏలినవారి దయయా? రెండు, ‘ఆదా’ యని వ్రాసినచోట పని నిజముగా తగ్గినదా, లేక మఱొకరి చేతికి మాఱినదా? మూడు, ఇద్దఱు బిడ్డల నడుమ పోటీ పెట్టుటకు పూర్వము రాబడిని గూర్చి ఎవరేమి నిర్ణయించిరి?

మన తెలుగు రాష్ట్రములలో బడ్జెటు సామాన్యముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో శాసనసభకు వచ్చును. ఆ దినములలో పత్రికను పురుషులు చదివి మడిచిపెట్టిన పిమ్మటనైనను మనము తీసి చూతము. బడి పద్దును, అంగవైకల్యముగల వారి పద్దును ప్రక్కప్రక్కను పెట్టి చదువుదము. మన వీధిలో అట్టి బిడ్డగల తల్లి యున్నచో, ఆమె కీ యేడు ఏమి వచ్చినది, ఏమి రాలేదు అని అడుగుదము. అడిగి, వీలున్ననాడు ఆ బిడ్డ యొద్ద ఒక గంట కూర్చుందము. ప్రభుత్వము చేయవలసిన పనికి అది బదులు కాదు. కాని ఆ గంట విలువ తెలిసినవారే దానిని కోయవలదని గట్టిగా అడుగగలరు.